వన్‌టౌన్ ఇంటి పాత సామాన్లు మధురవాడ ఫ్లాట్‌లో ఎలా వాడుకోవాలి? ట్రంకు పెట్టె, ఉట్లు, జాడీలు, నూలు చీరలు

పాతబస్తీ పిల్ల
శనివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. విశాఖ వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్ దగ్గర మా తాతయ్య కట్టించిన పెంకుటిల్లు వచ్చే నెలలో ఖాళీ చేస్తున్నాం. మధురవాడలో అయిదో అంతస్తులో రెండు పడగ్గదుల ఫ్లాట్ తీసుకున్నాం. మామ్మ కూడా మాతోనే వస్తోంది. ఆవిడకి 81.

సర్దుతుంటే తేలిన సామాను ఇది: మూడడుగుల ఇనప ట్రంకు పెట్టె, నాలుగు జాడీలు (ఒకదానికి నిలువునా సన్నటి బీట), కొబ్బరితాటి ఉట్లు రెండు, అడుగున చిల్లు పడ్డ ఇత్తడి బిందె, పట్టె విరిగిన నవారు మంచం, ఒక జత టేకు కిటికీ రెక్కలు, పాతిక దాకా హార్లిక్స్ గాజు సీసాలు, మామ్మ కట్టి కట్టి మెత్తబడ్డ నూలు చీరలు ఇరవై పైనే.

"ఇవన్నీ ఎందుకమ్మా, తూకానికి ఇచ్చేయండి" అన్నాడు పాత సామాన్లు కొనే అతను. ట్రంకు పెట్టెని కాటా మీద పెట్టబోతుంటే మామ్మ ఏమీ అనలేదు గానీ, కొంగుతో దాని మూత తుడుస్తూ అక్కడే కూర్చుండిపోయింది. నాకు ఇవ్వబుద్ధి కాలేదు.

నెట్‌లో ఫొటోలు చాలా చూశాను. సీసాకి దారం చుట్టినవి, డబ్బాకి రంగేసి గోడకి తగిలించినవి. చూడ్డానికి బాగున్నాయి. నాకు మాత్రం ఈ వస్తువులు రోజూ చేతికింద పనికొచ్చేలా ఉండాలి. మామ్మకి తన ఇంట్లోనే ఉన్నట్టు అనిపించాలి. కొత్త అల్మరాలు కొనే ఖర్చూ తగ్గాలి. చేసి చూసినవాళ్ళు చెప్పండి.

సాగరగాలి
శనివారం, రాత్రి 10:05

లాసన్స్ బే కాలనీలో పద్నాలుగేళ్ళుగా ఉంటున్నాం. మీరు మొదలుపెట్టకముందే ఒక మాట చెప్పాలి. ఆ ఫొటోలు తీసినవాళ్ళకి మన ఉప్పుగాలి లేదు.

ఇక్కడికి వచ్చిన కొత్తలో పదహారు రేకు డబ్బాలకి పసుపు, నీలం రంగులేసి బాల్కనీ గ్రిల్లుకి వేలాడదీశాను. వానాకాలం గడిచేసరికి డబ్బాల అంచులన్నీ పొరలు పొరలుగా లేచాయి. తుప్పునీళ్ళు కారి కింది ఇంటివాళ్ళ గోడ మీద ఎర్రటి చారలు పడ్డాయి. వాళ్ళ గోడకి మేమే రంగు వేయించాం.

అప్పటి నుంచి మా ఇంట్లో ఇనుము బయట పెట్టడం లేదు. మట్టి, గాజు, ఇత్తడి, కొబ్బరిపీచు, టేకు, ఇవి బాల్కనీలోకి. ఇనుము, రేకు ఇంట్లోకి, అదీ ఒళ్ళంతా రంగు పట్టించాకే. మధురవాడ కొంచెం లోపలికే అయినా అయిదో అంతస్తు అంటున్నారు, గాలి బాగానే తగులుతుంది.

ట్రంకు పెట్టె అస్సలు ఇవ్వకండి. ఆ మందం రేకు ఇప్పుడు దొరకదు. ముందు ముతక ఎమిరీ పేపర్‌తో, తర్వాత సన్నదానితో తుప్పంతా రుద్దండి. పొడిగుడ్డతో తుడిచి, ఆ రోజే తుప్పు పట్టనివ్వని రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ పూయండి. ఒక రాత్రి వదిలేసినా మన గాలికి పచ్చి ఇనుము మీద మళ్ళీ తుప్పు మొదలవుతుంది. రెండు పూతలు ఆరాక పైన ఎనామిల్ పెయింట్.

అందరూ మర్చిపోయేది అడుగుభాగం. ఇల్లు తుడిచిన ప్రతిసారీ తడి తగిలేది అక్కడే, పెట్టె చచ్చేదీ అక్కడి నుంచే. బోర్లించి ముందు అడుగుకే రంగు వేయండి. తర్వాత నాలుగు మూలలా రెండంగుళాల చెక్కదిమ్మలు పెట్టి నేలకి ఎత్తులో ఉంచండి.

వడ్రంగి ఇంటబ్బాయి
ఆదివారం, ఉదయం 7:15

మాది గోపాలపట్నం, నాన్నది చెక్కపని. ఆ పెట్టెని కూర్చునే బల్లగా చేసుకోండక్కా. లోపల దుప్పట్లు, పైన మామ్మగారు.

మూత రేకు కాబట్టి నేరుగా కూర్చుంటే సొట్టపోతుంది. మూత కొలతకే 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క కోయించి దాని మీద పరుపు వేయండి. ప్లైవుడ్‌ని రేకుకి స్క్రూలతో బిగించొద్దు, మొనలు లోపలికి పొడుచుకొచ్చి బట్టలు చిరుగుతాయి. ప్లైవుడ్ అడుగున అంచుల చుట్టూ సన్నటి బద్ద కొడితే చాలు, డబ్బా మూతలా కూర్చుంటుంది.

ఎత్తు చూసుకోండి. కుర్చీ మామూలుగా 18 అంగుళాలుంటుంది. అంతకన్నా కిందికుంటే పెద్దవాళ్ళు లేవడానికి ఇబ్బంది పడతారు. పెట్టె 14 ఉంటే దిమ్మలు రెండు, ప్లైవుడ్ పరుపు కలిపి రెండు, సరిపోతుంది.

టేకు రెక్కల సంగతి కొంచెం జాగ్రత్త. వాటి మీద పాత రంగు ఉందా? ఉంటే పొడిగా రుద్దకండి. పాత రోజుల పెయింట్లలో సీసం బాగా కలిపేవారు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. మీ తాతయ్యగారు వేయించిన రంగు అంతకు ఎంతో ముందుది. నీళ్ళు చల్లుతూ తడిగా రుద్దండి, ముక్కుకి మాస్క్ కట్టుకోండి, చిన్నపిల్లలుంటే దూరంగా ఉంచండి. ఆ ముద్దంతా పేపర్లో చుట్టి పారేయండి, మొక్కల్లో పోయకండి.

రంగు పోయాక టేకు మీద మళ్ళీ రంగెందుకు? అవిసెనూనె గుడ్డతో పట్టించండి, చాలు. కానీ ఆ నూనెగుడ్డని ఉండచుట్టి మూల పడేయకండి. అవిసెనూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక దానంతటదే అంటుకుంటుంది. నాన్న మాకు మొదట నేర్పింది ఇదే. గుడ్డని విప్పి తీగ మీద ఆరేయాలి.

ఒక రెక్క వెనక అద్దం బిగిస్తే గుమ్మం దగ్గర పెట్టుకోవచ్చు. రెండోది అడ్డంగా గోడకి కొట్టి కొక్కేలు వేస్తే తాళాలు, గొడుగులు, సంచులు.

తక్కువ సామాను
ఆదివారం, ఉదయం 9:40

నేను చెప్పేది కొంచెం చేదుగా ఉండొచ్చు, ఏమీ అనుకోకండి. మా అమ్మ పోయాక ఆవిడ సామానంతా నేను సీతమ్మధార ఫ్లాట్‌కి తెచ్చుకున్నాను. ఏదో ఒకటి చేద్దాం అనుకుంటూ మూడేళ్ళు గడిపాను. ఒక గది గోదాములా తయారైంది. ఆ గదిలోకి వెళ్ళాలంటే దిగులేసేది. కొన్న ఫ్లాట్‌లో ప్రతి అడుగుకీ డబ్బు కట్టాం కదా.

చివరికి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఈ వస్తువు లేకపోతే దాని పనికి నేను ఇంకోటి కొంటానా? కొంటాను అంటే ఉంచాను. లేదంటే అడిగినవాళ్ళకి ఇచ్చేశాను. పాతిక సీసాలు మీకు అవసరమా? పన్నెండు ఉంచుకోండి. మిగతావి పచ్చళ్ళు పెట్టి అమ్ముకునే వాళ్ళెవరికైనా ఇవ్వండి, సంతోషంగా తీసుకుంటారు.

పాతబస్తీ పిల్ల
ఆదివారం, ఉదయం 10:30

చేదేమీ కాదండీ, నాకు కావలసిన మాటే చెప్పారు. మామ్మని అడిగాను. సీసాలు పది చాలంది. చీరల్లో మాత్రం ఒక్కటీ ఇవ్వనంది.

బొంతల ఇంటి కోడలు
ఆదివారం, మధ్యాహ్నం 2:10

చీరలు ఇవ్వనన్నారు చూడండి, ఆవిడకి తెలుసు వాటి విలువ. కొత్త గుడ్డలో ఆ మెత్తదనం ఎక్కడొస్తుంది!

మా అత్తగారు ఇప్పటికీ బొంతలు కుడతారు. అయిదు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, ముడత లేకుండా నాలుగు మూలలా బరువులు పెట్టి, అంచు నుంచి మధ్యకి చుట్టూ తిరుగుతూ దూరం కుట్టు వేసుకుంటూ పోతారు. బాగా చిరిగినవి మధ్య పొరల్లోకి, రంగు నిలిచినవి పైకీ కిందకీ. ఇవి మీ ట్రంకు పెట్టె పరుపుకి గలేబుల్లా కూడా పనికొస్తాయి.

చిరుగులు ఎక్కువగా ఉన్న చీరలతో కాళ్ళు తుడుచుకునే పట్టాలు చేయండి. లెక్క చెప్తాను. అంచులు తీసేసి చీరని పొడవునా మూడంగుళాల పీలికలుగా చించాలి. కత్తెర అక్కర్లేదు, మొదట గాటు పెట్టి లాగితే నూలు చీర పోగు వెంబడి తిన్నగా చిరుగుతుంది. 45 అంగుళాల వెడల్పుకి పదిహేను పీలికలు, ఒక్కోటి అయిదున్నర మీటర్లు. మూడేసి తీసుకుని జడ అల్లుతూ పోతే, అల్లికలో పొడవు తగ్గి ఇరవై మీటర్ల దాకా జడ వస్తుంది. దాన్ని చుట్టచుట్టి కుడితే రెండున్నర అడుగుల గుండ్రటి పట్టా. ఒక్క చీరకి ఒక పట్టా.

మూడు పీలికలూ ఒకే చోట అయిపోకుండా మొదట్లోనే ఒకటి పొట్టిగా, ఒకటి పొడుగ్గా పెట్టుకోండి, అతుకులన్నీ ఒక్కచోటికి వచ్చి ఉబ్బవు. కుట్టేటప్పుడు ఒళ్ళో పెట్టుకుని కుట్టకండి, బల్ల మీదో నేల మీదో పరిచే కుట్టాలి. ఒళ్ళో కుడితే చేయి తెలియకుండానే దారం బిగుతుగా లాగుతుంది, పట్టా గిన్నెలా పైకి లేస్తుంది. నా మొదటి పట్టా అలాగే అయితే అత్తగారు "సరే, ఇంకొంచెం బిగించు" అని దాన్ని బుట్ట చేయించారు. ఉల్లిపాయలు పోసుకుంటున్నాం ఇప్పటికీ.

పెద్దావిడ ఉన్న ఇల్లు కాబట్టి ఇది తప్పకుండా చేయండి: పట్టా కింద జారకుండా రబ్బరు వల వేయాలి. బాత్రూమ్ గుమ్మం దగ్గర మాత్రం వద్దు.

మిద్దెతోట
ఆదివారం, సాయంత్రం 5:45

చిల్లు బిందె నాకివ్వండి అందామనుకున్నాను! మొక్క పెట్టడానికి చిల్లున్న పాత్ర దొరకడం అదృష్టం, లేకపోతే మనమే వేయాలి. మామూలు ప్లాస్టిక్ కుండీలో మొక్క పెట్టి ఆ కుండీని బిందెలోకి దింపండి. ఇత్తడికి నేరుగా తడిమట్టి తగలకపోతే నల్లబడడం తగ్గుతుంది. చింతపండు, ఉప్పు వేసి నెలకోసారి తోమితే సరి.

సీసాల్లో మనీప్లాంట్ పెడతారేమో, నీళ్ళ విషయం చెప్తాను. డెంగ్యూ దోమ మురుగులో కాదు, ఇలాంటి శుభ్రమైన నిలవ నీటిలోనే పెరుగుతుంది. నీటి అంచుకి కాస్త పైన పాత్ర గోడకి గుడ్లు అతికిస్తుంది. నీళ్ళు పారబోసినా అవి నెలల తరబడి ఎండి అలాగే ఉంటాయి, మళ్ళీ తడి తగలగానే పొదుగుతాయి. అందుకని వారానికోసారి నీళ్ళు మార్చడం ఒక్కటే కాదు, సీసా లోపలి గోడని బ్రష్‌తో రుద్దాలి. కుండీల కింద పళ్ళేలూ అంతే. మా ఇంట్లో ఆదివారం పొద్దున్న అదే మొదటి పని.

ఇంకోటి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు నేను అక్కయ్యపాలెంలో మూడో అంతస్తులో ఉన్నాను. ముందు రోజే హెచ్చరికలు వచ్చినా, వైరుతో గట్టిగా బిగించిన వేలాడే కుండీలు విప్పలేక అలాగే వదిలేశాను. అందులో రెండు ఎక్కడికి పోయాయో దొరకలేదు. ఎవరికీ తగల్లేదు, అది దేవుడి దయ. అప్పటి నుంచి ఏది వేలాడదీసినా కొక్కెం నుంచి ఒక్క చేత్తో తీసేలా ఉండాలని నియమం పెట్టుకున్నాను. అయిదో అంతస్తు గ్రిల్లు బయట మాత్రం ఏమీ పెట్టకండి.

గాజువాక గృహిణి
ఆదివారం, రాత్రి 8:30

మా వైపు కార్ఖానాల్లోంచి వచ్చే చెక్క పాలెట్లు (సరుకు పేర్చే చెక్క చట్రాలు) పాత సామాన్ల కొట్లలో దొరుకుతాయి, చాలామంది షూ స్టాండులు చేయించుకుంటున్నారు. కొనేముందు ముద్ర చూడండి. హెచ్‌టీ అని ఉంటే చెక్కని వేడితో శుద్ధి చేశారని అర్థం, వాడుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారు. అది ఇంట్లోకి తేవద్దు, పొయ్యిలోకీ వద్దు.

అలాగే పీలికలు, డబ్బాలు ఏవి గోడకి తగిలించినా స్టవ్‌కి దూరంగా.

ఆవకాయ అమ్మ
సోమవారం, ఉదయం 6:50

జాడీల గురించి ఎవరూ మాట్లాడలేదు. పూలు పెట్టడం, గొడుగులు పెట్టడం అని చెప్తారని భయపడి ముందే రాస్తున్నాను. బీట లేని మూడు జాడీలకి కొత్త పని వెతకొద్దు తల్లీ. వాటికి పాత పనే ఇవ్వండి. ప్లాస్టిక్ డబ్బాలో ఆవకాయకీ జాడీలో ఆవకాయకీ తేడా మీ మామ్మగారిని అడగండి. అన్నీ ఒకేసారి వద్దనుకుంటే ఒకదాంట్లో కల్లుప్పు, ఒకదాంట్లో చింతపండు. ఈ రెండూ రేకు డబ్బాని తినేస్తాయి, జాడీని ఏమీ చేయలేవు.

బీటపడ్డది తిండికి వద్దు. బీటలోకి నూనె, కారం దిగి కుళ్ళు వాసన పడుతుంది, ఎంత కడిగినా పోదు. అందులో గరిటెలు, అట్లకాడ, అప్పడాల కర్ర నిలబెట్టుకోండి. అడుగు బరువు కాబట్టి పడిపోదు.

ఉట్లలో ఉల్లి, వెల్లుల్లి. వాటి పని కూడా అదే కదా, అన్నివైపులా గాలి ఆడుతుంది. ఈ ఊరి ఉక్కకి బుట్టలో పోసిన ఉల్లిపాయలు అడుగునుంచి కుళ్ళుతాయి.

వడ్రంగి ఇంటబ్బాయి
సోమవారం, ఉదయం 8:00

ఉట్టికి ఒక మాట. స్లాబులో కరెంటు పైపులు పోతుంటాయి. మీ అపార్ట్‌మెంట్ ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, పైపు ఎటు పోయిందో అడిగాకే డ్రిల్ పెట్టించండి. మామూలు మేకు నిలవదు, యాంకర్ ఫాస్టెనర్ (కాంక్రీటులో బిగుసుకునే బోల్టు) వేయించాలి. ఫాల్స్ సీలింగ్‌కి మాత్రం ఉట్టి కట్టకండి.

ఏటికొప్పాక ఆడపడుచు
సోమవారం, మధ్యాహ్నం 1:25

టేకు రెక్కకి ఇనప కొక్కేల బదులు మా ఊరి లక్క గుబ్బలు వేసి చూడండి. అంకుడు కర్రని లేత్‌కి బిగించి, అది తిరుగుతుండగానే లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. ఆ నునుపు అలా వచ్చిందే, పైన వార్నిష్ ఏమీ ఉండదు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది మా బొమ్మలకి. విరిగిన బొమ్మలు, బొంగరాలు ఇంట్లో ఉంటే వాటినే గుబ్బలుగా వాడుకోవచ్చు. వేడికి పట్టిన లక్క వేడికే మెత్తబడుతుంది కాబట్టి ఎండ పడే గోడకీ, వంటింటికీ వద్దు.

పాతబస్తీ పిల్ల
మూడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 9:10

వచ్చేశాం అందరం. మీ అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు, జరిగింది జరిగినట్టు రాస్తాను.

ట్రంకు పెట్టె దగ్గర తొందరపడ్డాను. రెడ్ ఆక్సైడ్ దాకా బాగానే జరిగింది. తర్వాత వానపడుతున్న రోజున ఎనామిల్ ఒకేసారి దట్టంగా వేసేశాను. అయిదు రోజులైనా వేలికి అంటుకుంటూనే ఉంది. మళ్ళీ థిన్నర్‌తో తుడిచి, ఎండ వచ్చిన రోజు చూసుకుని, పల్చగా రెండుసార్లు వేసి ఫ్యాన్ కింద పెడితే ఈసారి మర్నాటికే ఆరింది. మీరు కొత్తగా చేసేవాళ్ళయితే వానాకాలం పోయేదాకా ఆగండి.

మూత లోపలివైపు మాత్రం రుద్దలేదు. అక్కడ తాతయ్య పెన్సిల్‌తో రాసిన చాకలి పద్దు ఉంది, పంచెలు ఎన్ని, దుప్పట్లు ఎన్ని అని నిలువు గీతలు. తుప్పు కూడా పట్టలేదు అక్కడ. అలాగే ఉంచాం.

బీట జాడీలో గరిటెలు పెట్టాం. మిగతా మూడూ మామ్మ అధీనంలోకి వెళ్ళాయి, ఏం పోస్తుందో ఆవిడిష్టం. ఒక ఉట్టి కట్టించాం. రెండోదాని తాడు పట్టుకోగానే పొడిగా రాలింది, దాన్ని పోల్చుకుంటూ కొత్త కొబ్బరితాడుతో మామ్మే ముడులు వేస్తోంది. మంచం పట్టెలు బాగా పుచ్చిపోయాయి, ఉంచుకోలేదు. నవారు మాత్రం ఉతికి, సీటు ఊడిన పాత స్టూలుకి అడ్డంగా నిలువుగా అల్లాం. గుమ్మం దగ్గర చెప్పులేసుకోవడానికి అదే ఇప్పుడు అందరి సీటు.

పట్టా ఒకటి పూర్తయింది, రెండోది సగంలో ఉంది. నేను పీలికలు చింపుతాను, మామ్మ అల్లుతుంది. నాకు ఒక మూర అయ్యేసరికి ఆవిడకి మూడు మూరలు అవుతుంది. ఏ పీలిక ఎప్పటి చీరో చెప్తూ అల్లుతుంది. ఇది మీ నాన్న బారసాలకి కట్టింది, ఇది సింహాచలం చందనోత్సవానికి కట్టుకుని వెళ్ళింది అని.

ఒక్క ఇబ్బంది మిగిలింది. పెట్టెని బల్లలా చేశాను కదా, మామ్మ దాని మీద కూర్చోవడం కన్నా తెరవడమే ఎక్కువ. రోజుకి నాలుగైదుసార్లు తెరుస్తుంది. ప్రతిసారీ ప్లైవుడ్, పరుపు ఎత్తి పక్కన పెట్టాలి, ఆవిడకి బరువు. వాటిని మూతకే బిగిద్దామంటే మూత బరువెక్కి వెనక్కి పడిపోతుంది, లేదా చేతి మీద పడుతుందేమోనని టెన్షన్. ఏం చేయాలి తమ్ముడూ?

వడ్రంగి ఇంటబ్బాయి
ఆదివారం, రాత్రి 9:50

ప్లైవుడ్ ఆరు మిల్లీమీటర్లదానికి మార్చేయండక్కా, పరుపు కూడా ఒక అంగుళం చాలు. ఆవిడ బరువు మోయడానికి మూత కింద, పెట్టె లోపల అడ్డంగా ఒక టేకు బద్ద పెడదాం, రెండు చివర్లా రేకు అంచు మీద ఆనేలా. అది తీసి పెట్టుకునేలా ఉంటుంది. పల్చటి ప్లైవుడ్‌ని మూతకి నట్టు బోల్టుతో బిగించాలి, లోపలివైపు గుండ్రటి తల వచ్చేలా, కింద వెడల్పు వాషర్ వేసి. పద్దు ఉన్నచోట మాత్రం రంధ్రం పడకుండా ముందు లోపలినుంచి గుర్తు పెట్టుకుందాం.

వెనక్కి పడకుండా రెండు పక్కలా గొలుసులు. మూత నిటారు కన్నా కొద్దిగా వెనక్కి వాలి ఆగేంత పొడవు ఉండాలి. సరిగ్గా నిటారుగా ఆగితే చిన్న తోపుకే ముందుకి పడుతుంది. వేళ్ళు నలగకుండా ముందు అంచున రెండు రబ్బరు బుడిపెలు అతికిస్తే, మూత మూసినా అర అంగుళం సందు ఉంటుంది.

పెట్టె లోపలి పొడవు, వెడల్పు, మూత లోతు కొలిచి ఇక్కడ రాయండి. మీ కిటికీ రెక్కల్లోంచి ఊడిన టేకు బద్ద ఏదైనా మిగిలుంటే అది కూడా. వచ్చే ఆదివారం నాన్నా నేనూ మధురవాడ వైపు పనికి వస్తున్నాం, కోసుకుని తెస్తాను.

పాతబస్తీ పిల్ల
ఆదివారం, రాత్రి 10:15

లోపలి పొడవు 35 అంగుళాలు, వెడల్పు 19, మూత లోతు రెండున్నర. టేకు బద్ద ఒకటుంది, 38 అంగుళాలు. మామ్మ పక్కనే ఉండి కొలిపించింది. భోజనానికి రమ్మని చెప్పమంటోంది, గుత్తివంకాయ తింటారా అని అడుగుతోంది.